స్కూబా డైవింగ్ అపోహలు - వాస్తవాలు: గజ ఈతగాళ్లతోనే నాకు టెన్షన్

విశాఖ రుషికొండ తీరంలో కొత్తవాళ్లను స్కూబా డైవింగ్‌కు నీళ్లలోకి దింపడం నా పని. బోటు ఎక్కకముందే అందరికీ ఒక మాట గట్టిగా చెబుతాను: లోపల ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ బిగపట్టకూడదు. అందరూ తలూపుతారు. తలూపినవాళ్లలోనే ఒకరు తర్వాత నా పక్కకొచ్చి, "అన్నా, నేను కాలవలో రెండు నిమిషాలు మునిగి ఉండగలను, నాకేం ప్రాబ్లం లేదు కదా" అంటారు. ఉంది తమ్ముడూ, నీకే ఉంది.

మన ఊళ్లలో ఈత నేర్చుకోవడమంటే సగం ఊపిరి బిగపట్టడం నేర్చుకోవడమే. బావి అడుగు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి చూపించినవాడే మొనగాడు. ఆ విద్యకు నేనేం వంక పెట్టను. కానీ అది ఒడ్డున పీల్చిన గాలితో చేసేది. ఛాతీ నిండా పీల్చుకుని 10 మీటర్లు దిగితే, అక్కడి ఒత్తిడికి ఆ గాలి సగానికి కుంచించుకుపోతుంది. పైకొచ్చేసరికి మళ్లీ మొదట ఎంత ఉందో అంతే అవుతుంది, అంతకు మించదు.

స్కూబాలో లెక్క తిరగబడుతుంది. మీరు ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి సరిపడా గాలిని, వీపు మీది సిలిండర్ నుంచి, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఇస్తుంది. 10 మీటర్ల దగ్గర మొత్తం ఒత్తిడి 2 బార్లు, అంటే ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఆరు లీటర్ల గాలి నింపుకుని, ఊపిరి బిగించి పైకి వచ్చారనుకోండి. ఆ గాలికి ఇప్పుడు 12 లీటర్ల చోటు కావాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటెక్కడిది? చిరుగుతాయి. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రమే ఇది. ఇంటర్‌లో పీవీ ఈజ్ ఈక్వల్ టు కాన్‌స్టంట్ అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లే నా బోటులో ఎక్కువ.

చిరిగిన చోటి నుంచి గాలి బుడగలు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు. కాలూ చేయీ పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం లాంటివి పైకొచ్చిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతాయి. ముందు నొప్పి పుట్టి హెచ్చరిస్తుందిలే అనుకోవద్దు, చాలాసార్లు ఏ హెచ్చరికా ఉండదు.

"మేం లోతుకు పోం కదా, నాలుగైదు మీటర్లేగా" అనేది దీనికి తోడబుట్టిన అపోహ. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి మూడోవంతు పెరుగుతుంది. 20 నుంచి 10కి వస్తే సగం పెరుగుతుంది. ఆఖరి 10 మీటర్లలో ఏకంగా రెట్టింపవుతుంది. అంటే అసలు ప్రమాదం నీటి ఉపరితలానికి దగ్గరలోనే ఉంది. నిండా పీల్చి బిగపడితే ఒకటిన్నర మీటరు నుంచి పైకొచ్చినా చాలు. స్విమ్మింగ్ పూల్‌లో ట్యాంకుతో ఆడుకునేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

నీళ్లలో నా కళ్లు చేపల మీద ఉండవు, మీ బుడగల మీద ఉంటాయి. గోదావరి జిల్లా కుర్రాడొకడు వచ్చాడు. ఒంట్లో బెదురు లేదు, కాళ్లకు తొడిగిన ఫిన్స్ అలవోకగా వేస్తున్నాడు. ఉన్నట్టుండి బుడగలు ఆగిపోయాయి. జాకెట్ పట్టుకుని ఆపి, వదలమని సైగ చేస్తే వదిలాడు. కాసేపటికి మళ్లీ అదే వరస. బోటెక్కాక అడిగితే, "గాలి ఆదా చేద్దామనన్నా" అన్నాడు.

ఆదా కాదు. ఊపిరి ఆపితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తలనొప్పి వస్తుంది, ఆ తర్వాత ఆయాసంతో అంతకు రెండింతలు పీలుస్తారు. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపితే అందులో దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది 110 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల దగ్గర 55, 30 మీటర్ల దగ్గర 27 నిమిషాలే. గాలిని తినేది లోతు, కంగారు. నెమ్మదిగా పీల్చి పూర్తిగా వదలడం తప్ప పొదుపుకు వేరే కిటుకు లేదు.

వణుకుతూ వచ్చే అమ్మలు, ఆంటీలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు, వాళ్లతో నాకు హాయి. అయితే భయం వేసినప్పుడు ఎవరికైనా ఊపిరి దానంతటదే ఆగుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. నా చెయ్యి పట్టుకోండి, ఉన్నచోటే ఆగుదాం. రెగ్యులేటర్ నోట్లోంచి జారితే, మళ్లీ పెట్టుకునేదాకా "ఆ..." అంటూ సన్నగా బుడగలు వదులుతూ ఉండండి. దిగాక వద్దనిపిస్తే బొటనవేలు పైకి చూపించండి, వెంటనే పైకి వచ్చేద్దాం.

ఇక "ఆక్సిజన్ సిలిండర్". మీ వీపు మీద ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలి: 21 శాతం ఆక్సిజన్, మిగిలినదంతా దాదాపు నైట్రోజనే. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అసలైన ఆక్సిజన్ బోటులో ఉంచుతాం, ఫస్ట్ ఎయిడ్ కోసం.

చెవులు: దిగేటప్పుడు నొప్పి వచ్చాక కాదు, రాకముందే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. మొదటి కొద్ది మీటర్లలోనే ఎక్కువసార్లు చేయాలి. జలుబుంటే మానేయండి, మాత్ర వేసుకుని దిగొద్దు. లోపల మందు పని అయిపోతే పైకొచ్చేటప్పుడు చెవి పట్టేస్తుంది. ఇయర్‌ప్లగ్స్ అసలు పెట్టుకోవద్దు.

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్‌తో ట్రయల్ డైవ్ చేయొచ్చు, సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం ఈత రావాలి. షార్క్ కనిపిస్తే నాకూ చూపించండి. నీళ్లలో ప్రతిదీ మూడోవంతు పెద్దగా కనబడుతుంది కాబట్టి ఇంటికెళ్లి చెప్పేటప్పుడు సైజు పాతిక శాతం తగ్గించండి.

టూరిస్టులు అస్సలు పట్టించుకోనిది ఇంకొకటుంది. లోతులో పీల్చిన నైట్రోజన్ కొంత ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే ఎత్తుకు వెళ్తే ఒత్తిడి తగ్గి అదే బుడగలు కడుతుంది. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కొద్దని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది. అండమాన్‌లో పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని ప్యాకేజీ వేసుకునేవాళ్లను చూశాను. మన విశాఖలో అయితే పొద్దున రుషికొండ, మధ్యాహ్నం అరకు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 600 మీటర్లు దాటిన ఎత్తుకు కూడా ఆ గంటల లెక్క పాటించాల్సిందే, కారులో వెళ్లినా సరే. ముందు అరకు చూసి, దిగొచ్చి డైవ్ చేయండి.

మెడికల్ ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు, ఈమధ్య అయిన ఆపరేషన్ లాంటివి దాచొద్దు. గర్భంతో ఉంటే దిగకూడదు. ఫారంలో ఏదైనా "అవును" అని పెట్టాల్సి వస్తే, ఊరి నుంచి బయల్దేరకముందే డాక్టర్ సంతకం తీసుకోండి. పొద్దున్నే బీచ్‌లో నేను ఏ డాక్టర్‌ని వెతకను?