నల్లగొండ ఎండ, ఎముకకు చేరే దారి

నల్లగొండలో మే 8 అటుఇటుగా మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఇంత ఎండ కాసే జిల్లాలోనూ డాక్టర్లు డి విటమిన్ గోళీలు రాస్తూనే ఉంటారు. ఎండ కాయడం వేరు, అది ఒంటికి తగలడం వేరు. ఒకప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో పొద్దంతా గుంట మగ్గంలో కూర్చునే నేతగాడికి బయటి ఎండతో పనేముంది? కిటికీ అద్దం దాటి వచ్చే ఎండా పనికిరాదు. డి విటమిన్‌కు కావాల్సిన అతినీలలోహిత-బి కిరణాలను అద్దం ఆపేస్తుంది.

లేత ఎండే మంచిదని పెద్దలంటారు. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ పొద్దున ఏటవాలుగా వచ్చే ఈ అతినీలలోహిత-బి కిరణాల్లో ఎక్కువ భాగాన్ని ఓజోన్ పొరే మింగేస్తుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళే అవి బాగా దిగుతాయి.

కిరణం తగలగానే చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ అణువులో ఒక వలయం తెగుతుంది. ఆ తర్వాత వెలుగు అక్కర్లేదు, ఒంటి వేడికే అది డి3 అనే డి విటమిన్‌గా మారుతుంది. ఎండ ఎక్కువైతే చర్మమే మిగులును పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. అందుకే ఎండతో డి విటమిన్ మోతాదు మించదు. గోళీలతో మాత్రం మించుతుంది.

డి3కి కాలేయం ఒక మార్పు చేస్తుంది. రక్తపరీక్షలో కొలిచేది ఆ రూపాన్నే. అయినా అది ఇంకా పనిలోకి దిగినట్టు కాదు. రక్తంలో కాల్షియం తగ్గితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ విడుదల చేస్తాయి, అప్పుడు కిడ్నీలు కాలేయం మార్చిన ఆ రూపాన్ని కాల్సిట్రియాల్‌గా, అంటే పనిచేసే డి విటమిన్‌గా మారుస్తాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మామూలు డి3 గోళీ చాలకపోయేది ఇక్కడే. కాల్సిట్రియాల్ చిన్నపేగు కణాల్లోకి వెళ్లి, కాల్షియాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. అది లేకుంటే తిండిలోని కాల్షియంలో 10–15 శాతమే ఒంటికి పడుతుంది, ఉంటే 30–40 శాతం.

మరి తిండిలోనే కాల్షియం లేకపోతే? పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచే దాన్ని లాగుతుంది. మర్రిగూడ వైపు పల్లెల గోస ఇంకో రకం. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుని దాని నిర్మాణాన్నే చెడగొట్టింది. కాల్షియం తక్కువ తినేవాళ్లను అది మరింత గట్టిగా దెబ్బతీస్తుంది. అక్కడ డి గోళీ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు, ముందు నీళ్లు మారాలి. తర్వాత పాలు, పెరుగు, తైదలు (రాగులు). వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లన్నంలో నామమాత్రమే. తైదంబలిని పేదల తిండని పక్కనపెట్టింది మనమే.