పాత కట్టడంలో కళలు మళ్లీ బతకాలంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

శిథిలమైన చారిత్రక కట్టడాలను బాగుచేసి, వాటిలో పాట, ఆట, చేతిపని మళ్లీ సాగేలా చూడటం నా వృత్తి. పని మొదలయ్యే ముందు జరిగే మీటింగుల్లో కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. అన్నీ మంచి మనసుతో అనేవే. కానీ వాటిని నమ్మి ముందుకెళితే ఒక్కోసారి గోడలు దెబ్బతింటాయి, ఒక్కోసారి మనుషులు దూరమైపోతారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు కట్టడం బాగుచేద్దాం, కళాకారుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఏ గదిలో ఎవరు ఏం చేస్తారో తేలకుండా గీసిన ప్లాను మీద తర్వాత కళాకారులు రాజీపడుతూనే ఉంటారు.

నేల సంగతే తీసుకోండి. చూడటానికి బాగుంటుందని నున్నటి పాలిష్ రాళ్లు పరిచిన హాల్లో రోజూ నాట్య సాధన చేస్తే పాదం జారుతుంది, మోకాళ్లు అరుగుతాయి. అదే ముందే తెలిస్తే, పాత నేలకు ఒక్క మేకు కూడా కొట్టకుండా దానిపైన కాస్త ఎత్తులో చెక్క నేల అమర్చవచ్చు. రేపు వద్దనుకుంటే తీసేయవచ్చు కూడా. చర్మ వాద్యాలు ఉంచే గదికి చెమ్మ తగలకూడదు, మరీ పొడిగానూ ఉండకూడదు. చెమ్మకు చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది, పొడిగాలికి బిగిసి చిట్లుతుంది. ఎత్తైన గుమ్మటం కింద గొంతెత్తి నిదానంగా పాడితే ఆ పాట నిండుగా వినిపిస్తుంది. అక్కడే కథ చెబితే మాటలు ఒకదానిమీద ఒకటి పడి ఒక్క ముక్కా అర్థం కాదు. మందపాటి తెరలు కట్టి ఆ మోత కొంత తగ్గించవచ్చు. అంతేగానీ ఫాల్స్ సీలింగ్ వేసి గుమ్మటాన్ని కప్పేయకూడదు.

చారిత్రక కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న నియమావళి, 1964 వెనిస్ చార్టర్, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడటం మంచిదే, కానీ అందుకోసం దాని అమరికనూ అలంకారాన్నీ మార్చకూడదు. అంటే గదికి కార్యక్రమం కుదరకపోతే కార్యక్రమాన్నే వేరే గదికి మార్చాలి. పెద్ద స్పీకర్లు పెట్టే కచేరీలైతే నేను ఆరుబయటే పెట్టుకోమంటాను. పాత గచ్చు పూత చాలాచోట్ల గోడ నుంచి విడిపోయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తూ ఉంటుంది. వేలి కణుపుతో మెల్లగా తడుతూ వెళితే గట్టిగా పట్టిన చోట ఒక శబ్దం, లోపల ఖాళీ ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికిన చోట్ల చాక్‌పీసుతో గీత గీసి, సన్నటి రంధ్రం చేసి, సిరంజితో పలచటి సున్నపు ద్రావణం ఎక్కిస్తాం. ఒక్క గోడకే రోజుల తరబడి పని. అలాంటి గోడల మధ్య గుండెలదిరే శబ్దం పెడితే ఆ పూత నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అపోహ: సిమెంటు వేస్తే పాత గోడకు బలం.

సిమెంటు గట్టిదే. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. సున్నంతో కట్టిన పాత గోడ నేలలోని చెమ్మను కొంత పీల్చుకుంటుంది, మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూత పడితే ఆ తడికి బయటికి దారి ఉండదు. అది ఇటుకలోనో రాతిలోనో చిక్కుకుంటుంది. దానిలో కరిగిన ఉప్పు ఆరేటప్పుడు స్ఫటికాలుగా మారి లోపలి నుంచి నెడుతుంది, ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. కొన్నాళ్లకు సిమెంటు పలక అలాగే ఉంటుంది, దాని వెనక ఇటుక మాత్రం పొడి అయిపోతుంది.

రాళ్ల మధ్య నింపే అతుకు ఎప్పుడూ రాయికంటే మెత్తగా ఉండాలి. అరిగేది అతుకే అయితే దాన్ని మళ్లీ నింపుకోవచ్చు, చెక్కిన రాయిని మాత్రం మళ్లీ తెచ్చుకోలేం. సున్నానికి ఓపిక కావాలన్న మాట నిజమే. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చాలి, నీళ్లు పోసి విరిచి నానబెట్టాలి, పూశాక తడి ఆరిపోకుండా కాపాడాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుంటూ అది మళ్లీ రాయిగా మారుతుంది. కాంట్రాక్టరుకు టెన్షన్ తెప్పించేది ఈ ఆలస్యమే. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి పునరుద్ధరణలో (2007–2013) పైకప్పు మీద అంతకుముందు మరమ్మతుల పేరుతో పేరుకున్న సుమారు 10 లక్షల కిలోల కాంక్రీటును చేతితోనే తొలగించాల్సి వచ్చింది. లీకేజీ ఆగడానికని ఒకదానిమీద ఒకటి వేసిన పొరలే కట్టడానికి మోయలేని బరువయ్యాయి.

అపోహ: బాగుచేశాక కొత్తదానిలా మెరవాలి.

ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగాలని అదే వెనిస్ చార్టర్ చెబుతుంది. శిల్పానికి ముక్కు లేదు, పాత ఫొటోలోనూ లేదు, అయితే మనం పెట్టకూడదు. ఇసుక చిమ్మి రాయిని తెల్లబరచడమంటే శతాబ్దాలుగా గట్టిపడిన పైపొరను మన చేతులతో మనమే ఒలిచేయడం.

అపోహ: పాత రాయి, పాత కలప ఉంటేనే అది అసలైనది.

జపాన్‌లోని ఇసే మందిరాన్ని దాదాపు 1,300 ఏళ్లుగా, మధ్యలో కొన్ని అంతరాయాలు తప్ప, 20 ఏళ్లకోసారి కొత్త కలపతో పక్క స్థలంలో మళ్లీ కడుతున్నారు. చివరిసారి 2013లో కట్టారు. ఒకసారి శిష్యుడిగా పనిచేసిన వడ్రంగి తర్వాతి విడతలో పెద్ద మేస్త్రీగా నిలబడగలడు. అక్కడ చేతి నుంచి చేతికి వస్తున్నది పనితనం. మాలి దేశంలోని జెన్నే మట్టి మసీదు కూడా ఇలాంటిదే. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. వానలు మొదలయ్యే ముందు ఏటా ఊరంతా కలిసి దానికి మట్టి పూత పూస్తారు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి జాతి కర్రల మీద ఎక్కి మేస్త్రీలు పనిచేస్తారు. ఆ పూత వేసే ఉత్సవం ఆగిపోతే మసీదు కొన్ని వానలకు మించి నిలబడదు. ఇలాంటి అనుభవాలను లెక్కలోకి తీసుకుని, జపాన్‌లోని నారాలో పరిరక్షణ నిపుణులు రాసుకున్న 1994 నారా పత్రం, అసలుదనాన్ని ఆయా సంస్కృతుల నేపథ్యంలోనే అంచనా వేయాలని చెప్పింది.

దీన్ని సాకుగా చూపి పాతవి కూల్చేసి నకళ్లు కట్టేవాళ్లూ ఉన్నారు. అది నాకు అస్సలు సమ్మతం కాదు. ఇసేలో తరతరాలుగా సాగుతున్న పద్ధతి ఉంది, వీళ్ల దగ్గర కూల్చివేత ఒక్కటే ఉంది.

అపోహ: టూరిస్టులు వస్తే కళ దానంతట అదే బతుకుతుంది.

డబ్బు వస్తుంది, నిజమే. ఎవరికి వస్తుందన్నది చూడాలి. చైనాలోని లిజియాంగ్ పాత పట్టణం 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. టూరిజం పెరిగాక అక్కడి నాషీ కుటుంబాలు చాలావరకు తమ ఇళ్లను దుకాణాలకు, లాడ్జీలకు అద్దెకిచ్చి కొత్త పట్టణానికి వెళ్లిపోయాయి. ఇళ్లు చక్కగానే ఉన్నాయి, వాటిలో బతికిన పొరుగు మాత్రం చెదిరిపోయింది.

రాత్రంతా సాగే ప్రదర్శనను సందర్శకుల కోసం ఇరవై నిమిషాలకు కుదించడం చూశాక నాకొక అలవాటైంది. ఏ కేంద్రానికి వెళ్లినా సందర్శకులు లేని రోజున అక్కడ ఎవరైనా నేర్చుకుంటున్నారా అని చూస్తాను. సజీవ కళలు, ఆచారాల రక్షణ కోసం చేసుకున్న 2003 యునెస్కో ఒప్పందం ప్రకారం కూడా ఒక కళను తమ వారసత్వంగా గుర్తించాల్సింది దాన్ని ఆచరించే సమూహాలే. కాబట్టి వేళలు, రుసుము, ఏం ప్రదర్శించాలి, ఏది బయటివాళ్లకు చూపకూడదు అన్న నిర్ణయాలు జరిగే కమిటీలో వాళ్లకు ఓటు ఉండాలి. సన్మానం చేసి శాలువా కప్పి పంపితే సరిపోదు.

అపోహ: వీడియో తీసి భద్రపరిచాం కదా, చాలు.

రికార్డింగు అవసరమే. కానీ పనివాడి చేతి ఒత్తిడి ఎంతో వీడియోలో తెలియదు. హుమాయూన్ సమాధి దగ్గర రంగుల గాజు పూత పలకలు చేసే పని ఎప్పుడో ఆగిపోయి ఉండటంతో, ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లు వచ్చి అక్కడి యువకులకు దగ్గరుండి నేర్పారు. జపాన్ 1950లోనే చట్టం చేసి, ఇలాంటి నైపుణ్యమున్నవాళ్లను గుర్తించి, వారసులను తయారు చేసేందుకు డబ్బు కూడా ఇస్తోంది.

అపోహ: ప్రారంభోత్సవం అయింది, ఇక పని పూర్తయినట్టే.

నిర్వహణ ఖర్చు మొదటి అంచనాలోనే ఉండాలి. గురువుల జీతం, వాచ్‌మన్, ఏటా సున్నపు మరమ్మతు అన్నీ అందులో భాగమే. వానలకు ముందు పైకప్పు మీది నీటి గొట్టాలు శుభ్రం చేయడం ఏ పునరుద్ధరణ కంటే కూడా చవక. గోడ పగులులో చెట్టు మొలిస్తే చేత్తో పీకొద్దు, వేరుతోపాటు రాళ్లూ వచ్చేస్తాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, అది పూర్తిగా ఎండాకే తీసి, ఆ ఖాళీని సున్నంతో నింపాలి.