చెట్టు కింది లెక్కలు: ఆరుబయట నుంచి గదిలోకి, మళ్లీ ఆరుబయటికి

లెక్కల పీరియడ్‌లో ఒకటో తరగతి పిల్లలు బడి ఆవరణలో గింజలు ఏరుతూ కనిపిస్తే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తల్లిదండ్రులు వేసే ప్రశ్న ఒకటే: ‘ఆటలు సరే సారూ, లెక్కలు ఎప్పుడు చెప్తరు?’ దీన్ని తెలియనివాళ్ల మాటగా తీసిపారేయడం తేలిక. కానీ ఈ అనుమానానికి చరిత్ర ఉంది. ఈ దిక్కున చాలా ఏండ్లు ఆరుబయట బడి అంటే గది లేని బడి. ఊరు అర్జీలు పెట్టుకుని తెచ్చుకున్న గదిలోంచి పిల్లల్ని మళ్లీ బయటికి తోలుకపోతామంటే, ఎందుకో చెప్పాల్సింది బడే.

తుంగభద్ర అవతల బళ్లారి కలెక్టర్‌గా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అక్కడి తెలుగు, కన్నడ వీధిబడులు ఎట్లా నడిచేవో అందులో వివరంగా ఉంది. పిల్లాడు మొదట నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తాటాకు, కాగితం ఆ తర్వాతే. లెక్కల్లో ఎక్కాలు, ఆపైన నాణేలు, తూకాలు, కొలతల మార్పిడి ఉండేవి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న, మూడోవాడి నుంచి దెబ్బలు. మంచి బడులని మురిసిపోవడానికి లేదు. జిల్లా మొత్తం మీద 533 బడుల్లో చదివేది 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60. పైగా నేర్చుకున్నది చాలావరకు వల్లెవేతే. ఇసుకలో రాయించే ఈ పద్ధతిని మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్, పిల్లలే పిల్లలకు నేర్పే తీరుతో దాన్ని కలిపి 1797లో ఇంగ్లండ్‌లో పుస్తకం వేశాడు, అక్కడ ఆ మొత్తానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు పడింది. ఇప్పుడు పట్నాల్లోని ప్లేస్కూళ్లు ‘శాండ్ ట్రే’ పేరుతో ఫీజు తీసుకుని నేర్పేదీ ఆ ఇసుక రాతకు దగ్గరి చుట్టమే.

అసలు లెక్క బడిలో కంటే కల్లంలో ఎక్కువ ఉండేది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ధాన్యం కొలిచేటప్పుడు పక్కన నిలబడ్డ పిల్లకు రెట్టింపు, సగం, పావు చేతికే తెలిసేవి. రూపాయికి 16 అణాలు కూడా సగాల లెక్కే. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, ఆ వెంటనే మెట్రిక్ కొలతలు వచ్చాయి. మంచి మార్పే. అయితే ఇంట్లో వినపడే లెక్క, పుస్తకంలో కనపడే లెక్క అప్పటి నుంచి వేరుపడ్డాయి. ఆ పాత లెక్కలో నేటికీ మిగిలింది గుంట. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అట్లాంటివి 40 అయితే ఎకరం. పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఐదో తరగతిలో దశాంశాలు నేర్చిన పిల్ల దాన్ని 2.2 అని చదువుతుంది. ఆవరణలో తాడుతో ఒక గుంట గీయించి, పాసుపుస్తకం జిరాక్స్ చేతికిస్తే ఈ తికమక ఒక్క పూటలో తేలిపోతుంది.

బయటి ప్రపంచంలో ఈ ఆలోచన వేరే దారిలో నడిచింది. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన శిశుపాఠశాలకు పిల్లల తోట అని పేరు పెట్టాడు. 1901లో టాగూర్ శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టాడు. 1937లో గాంధీ వార్ధా సమావేశంలో పని ద్వారా చదువు అన్నాడు, దాని కోసం అక్కడ వేసిన కమిటీకి అధ్యక్షుడు హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్. 1939లో మాంటిస్సోరి మద్రాసు వచ్చి శిక్షణ ఇచ్చింది. ఇవన్నీ కోరి బయటికొచ్చిన బడులు. మన పల్లెలది గత్యంతరం లేక బయట ఉన్న బడి. ఈ తేడా మరిచిపోతే తల్లిదండ్రుల మాట అర్థం కాదు.

గది రావడానికి పెద్ద ఊపు 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్‌తో వచ్చింది: ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక సామాను పెట్టె. ఆ పెట్టెలో గణితం కిట్ కూడా ఉండేది. వస్తువు పోతే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టర్ గనుక కిట్ చాలాచోట్ల బీరువాలోనే ఉండిపోయింది. బ్రిటన్ సాయంతో నడిచి 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు చెప్పింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం వాటిలో రెండు. ట్రైనింగుల్లో సార్లు పాటలు పాడారు, ఆకులు ఏరించారు. ఏరిన ఆకులు చార్టుకు అతుక్కున్నాయే తప్ప లెక్కలోకి రాలేదు. సర్వశిక్షా అభియాన్ కాలంలో బోధనోపకరణాలకు టీచర్‌కు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు, అందులో ఎక్కువ భాగం థర్మాకోల్‌కే పోయింది. చింతచెట్టు కింద ఊరికే దొరికే గింజలకు బిల్లు పెట్టలేరు మరి!

పాలమూరుకు ఇంకో బరువుంది. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఈ జిల్లాలోనే, 55 శాతం. వలస పోయిన కుటుంబంతో నాలుగు నెలలు ఇటుక బట్టీల దగ్గర ఉండి వచ్చిన పిల్ల నోటిలెక్క బాగానే చేస్తుంది, పలక మీద తడబడుతుంది. బ్రెజిల్‌లో రెసిఫె నగరపు వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద 1985లో అచ్చయిన అధ్యయనం ఇదే చూపింది: బేరంలో వాళ్ల లెక్క 98 శాతం సరి, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే. అమెరికా మనస్తత్వవేత్త బ్రూనర్ 1960ల్లో చెప్పిన వరుస ఇక్కడ అక్కరకొస్తుంది: ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, చివరికి గుర్తుతో. మన ఆరుబయట పాఠాలు ఎక్కువగా చెడేది మధ్య మెట్టు ఎగిరిపోయినప్పుడే.

సంఖ్యారేఖనే తీసుకోండి. ముగ్గుతో 30 సెంటీమీటర్ల ఎడంతో 0 నుంచి 20 దాకా గీస్తే ఆరు మీటర్లు పడుతుంది. చాలామంది డబ్బాలు గీస్తారు, చిక్కంతా అక్కడే. మూడులో నిలబడి నాలుగు కలపమంటే పిల్ల తాను నిలబడ్డ డబ్బాను ‘ఒకటి’ అని లెక్కబెట్టి ఆరులో ఆగుతుంది. గెంతులు లెక్కపెట్టాల్సింది, డబ్బాలు లెక్కపెట్టింది. డబ్బాలకు బదులు అడ్డగీతలు గీసి, కాలు నేల తాకినప్పుడే అంకె పలకాలని నియమం పెడితే ఈ పొరపాటు తగ్గుతుంది. గాలికి ముగ్గు చెదురుతుంది, జాజు కలిపి అలికితే వారం నిలుస్తుంది.

పదులు, ఒకట్లకు చీపురుపుల్లలను మించినది లేదు. జానెడు ముక్కలు, ఇద్దరికి 60 చొప్పున 24 మందికి 720. పత్తికట్టె వద్దు: మందులు కొట్టి ఉంటారు, పేళ్లు గుచ్చుకుంటాయి. రబ్బరుబ్యాండ్లు ఎండకు తెగిపోతాయి గనుక పాత సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసి వాడాలి. పది పుల్లలకు ఒక కట్ట. కట్టలో తొమ్మిదో పదకొండో పడితే ఆ రోజు లెక్కలన్నీ తప్పుతాయి, అందుకే ఒకరు కట్టినది ఇంకొకరు విప్పి సరిచూడాలి. ‘ఇరవై ఒకటి’ని 201 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. రెండు కట్టలు, ఒక విడిపుల్ల ముందు పెట్టుకుని, ఆ బొమ్మ పలక మీద గీసి, దాని కిందే 21 రాసినవాళ్లకు ఇది త్వరగా పోతుంది. 32లోంచి 17 తీసేటప్పుడు కట్ట విప్పక తప్పదు, అప్పు తీసుకోవడం అంటే అదే. పదికి బదులు ఒక పెద్ద గింజ పెట్టే మార్పిడి మాత్రం కొన్ని వారాలు ఆగాకే. ముందే మొదలుపెడితే పిల్లకు ఆ గింజలో పది కనపడదు.

గింజల విషయంలో ఒక హెచ్చరిక. ఈ జిల్లాల్లో ఆముదం ఎక్కువగా వేస్తారు, కంచెల మీద గురిగింజ తీగ పాకి ఉంటుంది. రెండూ అందంగా ఉంటాయి, రెండూ నమిలితే విషం. చింతగింజలు కూడా పెద్ద పిల్లలకే, కడిగి ఆరబెట్టి ఇవ్వాలి. అంగన్‌వాడీ పిల్లలు ముక్కులో పెట్టుకుంటారు, వాళ్లకు పిడికెడంత రాళ్లే మేలు.

మూడో ఎక్కానికి ఒక్క కాడకు మూడు రెక్కలుండే మోదుగాకు, ఐదుకు ఐదు రేకుల తంగేడు పువ్వు. ‘కాడతో సహా ఒకటి’ అని ముందే ఒప్పుకోకపోతే పిల్లలు మోదుగ ఒక్కో రెక్కనూ ఒక ఆకుగా లెక్కిస్తారు. మోదుగ పూతకొచ్చేసరికి ఆకు రాలిపోతుంది గనుక ఈ పాఠం సంక్రాంతిలోపే ముగించాలి. తంగేడుకు బతుకమ్మ రోజులే సరైన కాలం. కొలతలకు చిర్రగోనె చాలు: పొట్టి గోనెతో కొలిచినవాడికి ఎక్కువ, పొడుగు గోనెతో కొలిచినవాడికి తక్కువ వస్తాయి, తగవు పడతారు. ఆ తగవు ముదిరాకే మీటరు కట్టె బయటికి తీయాలి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు ఒకటో తరగతికి 99, రెండుకు 999, మూడుకు 9,999 దాకా సంఖ్యలు అడుగుతాయి. దాని కోసం తెలంగాణ నడిపే తొలిమెట్టు కార్యక్రమంలో నెలనెలా పరీక్ష, రికార్డు ఉంటాయి గనుక కట్టలు గట్టిపడకముందే వందలకు పోవాలనే తొందర సహజం. ఒకటో తరగతిలో పదులకు ఒక నెల ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు, రెండో తరగతిలో ఆ నెల తిరిగొస్తుంది.

మిగిలింది ఎండ, మనుషుల సమస్య. జూన్‌లోనూ, మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులప్పుడూ బయటి పని మొదటి పీరియడ్‌లోనే కుదురుతుంది. 20 నిమిషాలు బయట, 15 నిమిషాలు లోపల నోటుబుక్కుతో గడిపితే సరిపోతుంది. లోపలి 15 నిమిషాలు కోస్తే బయటి 20 వృథా. ఒకే సారు రెండు మూడు తరగతులు చూసే బడిలో మూడో తరగతిని వరండాలో, కంటికి కనపడేలా, ముందురోజు గీసిన బొమ్మల మీద లెక్కలు ఇచ్చి కూర్చోబెట్టాలి. ఆ లెక్కలు బోర్డు మీద ముందే రాసి ఉండాలి. లేకపోతే సారు లోపలికీ బయటికీ తిరగడంతోనే పీరియడ్ అయిపోతుంది.