పట్టపగలు గ్రీన్ లేజర్: గురి మీద ఉన్న కొన్ని అపోహలు

గుంటూరు నుంచి శని, ఆదివారాలు ప్రాక్టీసుకి వచ్చే కుర్రాడు ఒకడు మొన్న సంచిలోంచి, గురి చూసుకోవడానికి తుపాకీకి బిగించే గ్రీన్ లేజర్ బయటికి తీశాడు. ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. "మాస్టారూ, ఇది ఎండలో కూడా కనిపిస్తుందంటండీ. చుక్క ఎక్కడుంటే దెబ్బ అక్కడేగా?" అన్నాడు. విజయవాడలో ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ నేర్పుతుంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఆకుపచ్చ లేజర్ ఎంత ఎండలోనైనా కనిపిస్తుంది.

ఎరుపు కంటే బాగా కనిపిస్తుందన్నది నిజమే. పగటి వెలుగులో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరి రంగుని. గ్రీన్ లేజర్లలో ఎక్కువగా దొరికే 532 దానికి పక్కనే ఉంటుంది. 650 నానోమీటర్ల ఎరుపు దూరంగా ఉంటుంది. అందుకే రెండిటి శక్తీ ఒకటే అయినా ఆకుపచ్చ దాదాపు 8 రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది.

కానీ ఇక్కడ పోటీ ఎరుపుతో కాదు, సూర్యుడితో. 5 మిల్లీవాట్ల గ్రీన్ లేజర్ ఇచ్చే మొత్తం వెలుగు 3 ల్యూమెన్లు. సెంటీమీటరు వెడల్పు చుక్కలో అదంతా పడితే 38 వేల లక్స్ (ఆ చోట పడే వెలుగు తీవ్రత) వరకు వస్తుంది. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ చుక్క పరుచుకుంటుంది. నాలుగు సెంటీమీటర్లు అయిందంటే వెలుగు పదహారో వంతుకు, అంటే 2,400 లక్స్‌కి పడిపోతుంది. ఎండ ముందు అది లేనట్టే.

లెక్క చెబితే నమ్మకం కుదరదని ఆ కుర్రాణ్ణి పెరట్లోకి తీసుకెళ్లాను. సున్నం కొట్టిన గోడ, పన్నెండున్నర ఎండ. పది అడుగుల దూరం నుంచి చుక్క చక్కగా కనిపించింది. ఇంకొంచెం వెనక్కి జరిగాక చెయ్యి కదిపితే తప్ప ఎక్కడుందో తెలియలేదు. ప్రహరీ దాకా వెళ్లేసరికి పూర్తిగా మాయం. అదే చుక్కని వేపచెట్టు నీడలోకి మళ్లించగానే మళ్లీ తేలింది. ఇండోర్ రేంజ్‌లోనూ అంతే, హాయిగా కనిపిస్తుంది. పగలు అనే మాట కంటే లక్ష్యం ఎండలో ఉందా నీడలో ఉందా అన్నదే ముఖ్యం.

ఇంకో మాట. చాలా 532 లేజర్లలో నేరుగా ఆకుపచ్చ పుట్టదు. 808 నానోమీటర్ల డయోడ్ ఒక స్ఫటికాన్ని వెలిగిస్తుంది, అది 1064 నానోమీటర్ల వెలుగునిస్తుంది, ఇంకో స్ఫటికం ఆ తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 532గా మారుస్తుంది. వేడి మారితే ఈ వరస చెదురుతుంది. మే నెలలో కారులో వదిలేసిన లేజర్ వెలుగు తగ్గితే ఆశ్చర్యపోవద్దు. 520 దగ్గర నేరుగా ఆకుపచ్చనిచ్చే డయోడ్లకు ఈ బెడద తక్కువ.

అపోహ: చుక్క ఉన్నచోటే పెల్లెట్ తగులుతుంది.

వెలుగు తిన్నగా పోతుంది, పెల్లెట్ (ఎయిర్‌గన్‌లో వాడే చిన్న లోహపు గుండు) కిందికి దిగుతూ పోతుంది. సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళ్లే పోటీల్లో వాడే మ్యాచ్ పెల్లెట్ కూడా 10 మీటర్లు చేరేసరికి దాదాపు 1.8 సెంటీమీటర్లు దిగుతుంది. పైగా లేజర్ బ్యారెల్‌లో ఉండదు, దాని కింద ఉంటుంది. మూడు సెంటీమీటర్లు కింద బిగించి, 10 మీటర్లకు జీరో చేశామనుకోండి, అంటే ఆ దూరంలో చుక్కా దెబ్బా ఒకేచోట పడేలా సరిచేశామన్నమాట. 5 మీటర్ల దగ్గర దెబ్బ చుక్కకి రెండు సెంటీమీటర్లు పైన పడుతుంది, 20 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్లకు పైగా కింద పడుతుంది. ఏ దూరానికి జీరో చేశారో ఆ దూరానికే చుక్క మాట చెల్లుతుంది.

అపోహ: పోటీల్లో కూడా పెట్టుకోవచ్చు.

కుదరదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్‌కి ఓపెన్ సైట్లే (అద్దాలు, లెన్సులు లేని మామూలు గురి గుర్తులు) ఉండాలి. లేజర్, రెడ్ డాట్, టెలిస్కోప్ అన్నీ నిషేధం. మోడర్న్ పెంటాథ్లాన్లో వాడే లేజర్ పిస్టల్ వేరు. అక్కడ పెల్లెట్టే ఉండదు, లేజరే దెబ్బ.

అపోహ: ఆకుపచ్చ వెలుగు కంటికి చల్లన.

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. రంగు ఏదైనా 5 మిల్లీవాట్ల కిరణం నేరుగా కంట్లో పడితే రెటీనాకి ప్రమాదమే. చవక రకాల్లో అయితే కంటికి కనబడని పరారుణ కిరణాలు కూడా వడపోత లేక బయటికి వచ్చేస్తాయి. బొమ్మల కొట్లలో దొరికే లేజర్ పెన్నులు పిల్లల చేతికి ఇవ్వొద్దు. గన్నవరంలో దిగే విమానాల వైపు తిప్పితే పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి.

అపోహ: ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి పిట్టల్ని కొట్టొచ్చు.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కొలత (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఆ సడలింపు ఆయుధానికే, వేటకి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వేట నేరం. చంపితేనే కాదు, గాయపరిచినా, ప్రయత్నించినా వేటే. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు మీద గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూడటానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. పంట పాడుచేస్తున్న అడవిపందుల మీద ఈ లేజర్ పనిచేస్తుందా అని రైతులు అడుగుతుంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ 4.5 పెల్లెట్‌తో పంది చావదు, పుండుతో కుళ్లుతూ తిరుగుతుంది. కొన్ని పరిస్థితుల్లో అనుమతి ఇచ్చే అధికారం చట్టం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికీ, ఆయన నియమించిన అధికారికీ మాత్రమే ఇచ్చింది. అటవీశాఖకి అర్జీ పెట్టుకోవాల్సిందే.

అపోహ: లేజర్ ఉంటే ట్రిగ్గర్ సాధన అక్కర్లేదు.

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. ఎవరి చెయ్యీ రాయిలా ఆగదు. ఓపెన్ సైట్లతో ఆ ఊపు మనకి చిన్నగానే తెలుస్తుంది. లేజర్ దాన్ని గోడ మీద పెద్దదిగా చూపిస్తుంది. చూసిన కుర్రాడు కంగారుపడి చుక్క మధ్యకి వచ్చే క్షణం కోసం కాచుకుంటాడు, రాగానే ట్రిగ్గర్ లాగేస్తాడు. ఆ లాగుడులో మణికట్టు కిందికి జారుతుంది. మనవాడి టార్గెట్ కార్డు అదే చెప్పింది. పది దెబ్బల్లో ఏడు నల్లటి వలయానికి కింద ఎడమవైపు గుంపుగా పడ్డాయి. కుడిచేతి వాటం వాళ్లలో ఇది ట్రిగ్గర్ లాగేసిన ఆనవాలు. లేజర్ గురి మాత్రం సరిగ్గానే ఉంది.

అయినా ఆ లేజర్ని పారేయమనలేదు. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, మనుషులు తిరగని గదిలో ఖాళీ గోడ మీద డ్రై ఫైరింగ్‌కి (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) పెట్టుకోమన్నాను. ట్రిగ్గర్ బరువు పడే క్షణంలో చుక్క ఎటు ఎగిరిందో చూడాలి. ఎగరకుండా ఉన్నచోటే ఊగుతూ ఉంటే వేలు సరిగా పనిచేసినట్టు. రోజుకి ఇరవైసార్లు, అంతకంటే వద్దు. తర్వాత లేజర్ విప్పేసి, కన్ను ఫ్రంట్ సైట్ (గొట్టం ముందు కొసన ఉండే గురి గుర్తు) మీద నిలిపి మళ్లీ ఇరవై. ఈ శనివారం కొత్త కార్డు తెస్తానన్నాడు.