టెక్సాస్‌లో పాత ఆయిల్ లీజులు: అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో ల్యాండ్‌మ్యాన్‌ని. కౌంటీ క్లర్క్ ఆఫీసుల్లో పాత డీడ్లు, లీజులు తిరగేసి, ఫలానా నేల కింద ఉన్న ఆయిల్, గ్యాస్ ఎవరివో తేల్చడం నా పని. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఎకరాలు కొన్న మనవాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. "అన్నా, ఏదో కంపెనీ నుంచి కాగితం వచ్చింది, సంతకం పెట్టి పంపేశాం, పర్లేదు కదా?" అంటారు. పెట్టకముందు అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: భూమి నా పేరు మీద ఉంటే కింద ఉన్నదీ నాదే.

కోనసీమలో పొలంలో రిగ్గు దిగితే రైతుకు నేల వాడుకున్నందుకు డబ్బులొస్తాయి, గ్యాస్‌లో వాటా రాదు. అమెరికాలో అలా కాదు, ఖనిజం ప్రైవేటు ఆస్తి కావచ్చు. ఈ మాట విని చాలామంది సంబరపడతారు. కానీ టెక్సాస్‌లో పైనేల, కింది ఖనిజం రెండు వేర్వేరు ఆస్తులు. డెబ్బై ఏళ్ల కిందట ఎవరో భూమి అమ్ముతూ మినరల్స్ తమకే ఉంచుకుని ఉంటే, అవి ఈరోజుకీ వాళ్ల వారసులవే. మీ డీడ్‌లో ఆ ముక్క లేకపోయినా పాత డీడ్‌లో ఉంటే చాలు. పైగా ఖనిజం ఉన్నవాళ్లకు, దాన్ని తీయడానికి అవసరమైన మేరకు మీ పైనేల వాడుకునే హక్కూ ఉంటుంది.

అపోహ: లీజు మూడేళ్లకే రాశారు, ఎప్పుడో అయిపోయింది.

లీజంటే ఆయిల్, గ్యాస్ తీసుకోమని ఖనిజం యజమాని కంపెనీకి రాసిచ్చే ఒప్పందం. ఆ మూడేళ్లు అందులో ప్రైమరీ టర్మ్, అంటే మొదటి గడువు మాత్రమే. దాని వెనకే "ఆ తర్వాత ఆయిల్ గానీ గ్యాస్ గానీ వస్తున్నంత కాలం" అనే మాట ఉంటుంది. ఆ ఒక్క వాక్యం బలంతోనే తాతల కాలం నాటి లీజులు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో రాయల్టీ (వచ్చిన ఆయిల్, గ్యాస్‌లో ఖనిజం యజమానికి దక్కే వాటా) ఎక్కువగా ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. ఇప్పుడు కొత్తగా రాసేవాటిలో 20 నుంచి 25 శాతం దాకా అడిగి తీసుకుంటున్నారు. పాత లీజు బతికుందా, చచ్చిందా అన్నది ఎందుకంత ముఖ్యమో ఈ తేడా చూస్తే తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. 600 ఎకరాల లీజులో ఒక మూల ఒక్క బావి పనిచేసినా మొత్తం 600 ఎకరాలూ కంపెనీ చేతిలోనే ఉండిపోవచ్చు. దీన్ని ఆపడానికి 1947లో లూసియానాలో పగ్ అనే లాయరు ఒక క్లాజు రాశాడు. ఇప్పటికీ దాన్ని పగ్ క్లాజ్ అనే అంటాం. పాత లీజుల్లో చాలావాటిలో అది ఉండదు.

అపోహ: పంపుజాక్ (బావిలోంచి ఆయిల్ తోడే యంత్రం) ఊగుతోంది కాబట్టి లీజు బతికే ఉంది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. టెక్సాస్‌లో ఏదో కొంచెం వస్తే సరిపోదు, ఖర్చులు పోను లాభం మిగిలేంత రావాలి. 1959లో క్లిఫ్టన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు దీనికి రెండు ప్రశ్నలు పెట్టింది. తగినంత కాలం మీద లెక్కిస్తే బావిని నడిపే ఖర్చు కంటే రాబడి ఎక్కువ ఉందా? లేకపోతే, వివేకం ఉన్న ఆపరేటర్ ఎవరైనా లాభం కోసం ఆ బావిని ఇంకా నడుపుతాడా? మొదట బావి తవ్విన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ఒకట్రెండు నెలలు నష్టం వచ్చినంత మాత్రాన లీజు పోదు.

ఇది ఎవరైనా మొదలుపెట్టగలిగే పరిశోధనే. రైల్‌రోడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో లీజు నంబరు కొడితే 1993 నుంచి నెలనెలా ఎంత వచ్చిందో ఉచితంగా చూడొచ్చు. పేరు రైల్‌రోడ్ అయినా ఇప్పుడు దానికి రైళ్లతో సంబంధం లేదు, ఆయిల్, గ్యాస్ బావుల్ని చూసేది అదే. లీజు తగాదాలు మాత్రం అది తీర్చదు, కోర్టుకే వెళ్లాలి. సున్నాలు కనిపించగానే గెలిచామని అనుకోకండి. బావి మూసి ఉంచినా యజమానికి షట్-ఇన్ రాయల్టీ అనే సొమ్ము కట్టి లీజు నిలబెట్టుకునే క్లాజు ఉండొచ్చు. లీజు మొత్తం చదవాలి.

అపోహ: రాటిఫికేషన్ (పాత లీజు చెల్లుతుందని ఒప్పుకునే కాగితం) అంటే ఫార్మాలిటీ, సంతకం పెడితే పోయేదేముంది?

చాలా పోతుంది. ఒక కుటుంబం విషయంలో ఇది కళ్లారా చూశాను. వాళ్ల బావి ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంది, షట్-ఇన్ డబ్బులూ కట్టలేదు. లీజు పోయిందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఆ సమయంలో ఒక కంపెనీ నుంచి రెండు పేజీల రాటిఫికేషన్, చిన్న చెక్కు వచ్చాయి. సంతకం పెట్టేశారు. చచ్చిన లీజుకు అలాంటి కాగితంతో మళ్లీ ప్రాణం పోయొచ్చని టెక్సాస్ కోర్టులు ఒప్పుకున్నాయి. కొత్త లీజు, దానికి సంతకం పెట్టినందుకు ఇచ్చే కొత్త బోనస్, రెట్టింపు రాయల్టీ అడిగే అవకాశం ఆ సంతకంతో చేజారింది. అమెండ్‌మెంట్ అని వచ్చినా, ఎక్స్‌టెన్షన్ అని వచ్చినా ముందు ఆయిల్ అండ్ గ్యాస్ లాయరుకు చూపించండి. టెన్షన్ పడి ఆ వారమే పంపేయనక్కర్లేదు.

డివిజన్ ఆర్డర్ సంగతి వేరు. అది రాబడిలో మీ వాటా ఎంతో దశాంశంలో చూపి ధ్రువీకరించే కాగితం. టెక్సాస్ చట్టం ప్రకారం దానితో లీజు షరతులు మార్చలేరు. దశాంశం మాత్రం మీరే లెక్కేసి చూసుకోండి.

అపోహ: ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే మినరల్ హక్కు పోతుంది.

లూసియానాలో అయితే పదేళ్లు వాడకపోతే వేరుచేసిన హక్కు తిరిగి భూమి యజమానికి చేరుతుంది. టెక్సాస్‌లో అలాంటి గడువు లేదు. కానీ ఉత్పత్తి ఉన్న మినరల్స్ మీద కౌంటీ పన్ను ఉంటుంది, కట్టకపోతే అమ్మేసే ప్రమాదం ఉంది.

ఇక యజమాని పోయాక రికార్డుల్లో పిల్లల పేర్లు ఎక్కించకపోతే కంపెనీ రాయల్టీని ఆపి ఉంచుతుంది. మూడేళ్లు ఎవరూ తీసుకోకపోతే ఆ డబ్బు రాష్ట్ర ఖజానా చూసే కంప్ట్రోలర్ దగ్గరికి వెళ్తుంది. అక్కడి అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సైట్‌లో పేరుతో వెతకొచ్చు, ఫీజు లేదు. పెద్దవాళ్ల పేర్లు, వాటి స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా రాసేవారో అన్ని రకాలుగానూ కొట్టి చూడండి.