మూడు చావులా, ఒకటేనా? కణమరణంపై పేచీ వెనక చరిత్ర

ఫ్లూ వైరస్ సోకిన మాక్రోఫేజ్ (సూక్ష్మజీవుల్ని మింగే రక్షక కణం) చచ్చిపోతుందన్న మాట మీద ఎవరికీ పేచీ లేదు. ఎలా చచ్చింది అన్న దగ్గరే తగవు. అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో తిరుమలదేవి కన్నెగంటి నడిపే ప్రయోగశాల 2019లో ఇలాంటి చావుకు పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. పైరాప్టోసిస్, అపాప్టోసిస్, నెక్రాప్టోసిస్ అనే మూడు రకాల కణమరణాల లక్షణాలూ కలిసి కనిపిస్తూ, ఏ ఒక్క దారి మూసినా ఆగని చావు అని దాని నిర్వచనం. ఈ మూడు దారులూ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుంటాయని ముందే తెలుసు కదా, మళ్లీ కొత్త పేరెందుకని మరో వర్గం అంటోంది. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే, పాత పేర్లు ఏ పరీక్షల ఆధారంగా వచ్చాయో ముందు చూడాలి.

అపాప్టోసిస్ కంటితో చూసి పెట్టిన పేరు. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కరీ మైక్రోస్కోప్ కింద కణం కుంచించుకుపోవడం, పొర చెదరకుండానే ముక్కలవడం, ఆ ముక్కల్ని పక్క కణాలు మింగేయడం వర్ణించారు. నెక్రోసిస్‌లో కణం ఉబ్బి పగిలి, లోపలి సరుకంతా బయటపడి వాపు రేగుతుంది. అపాప్టోసిస్‌లో వాపు ఉండదు. సీ. ఎలిగాన్స్ పురుగులో పుట్టే 1090 శరీర కణాల్లో 131 ఒక లెక్క ప్రకారం చచ్చిపోతాయని తేలడంతో, చావుకూ జన్యువులు ఉంటాయన్న సంగతి ఖాయమైంది. ఆ పని 2002లో నోబెల్ దాకా వెళ్లింది. చావును నడిపే సెడ్-3 అనే పురుగు జన్యువుకు మనుషుల్లో చుట్టం ఎవరా అని 1993లో వెతికితే, వాపు సంకేతాన్నిచ్చే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైమ్ దొరికింది. ఇప్పుడు మనం కాస్పేజ్-1 అంటున్నది దాన్నే; కాస్పేజ్‌లంటే ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌ల కుటుంబం. వాపును రేపే ఎంజైమ్, వాపు లేని చావును నడిపే ఎంజైమ్‌కు చుట్టం కావడంతో గందరగోళం అక్కడే మొదలైంది.

1992లో ఆర్తురో జిక్లిన్‌స్కీ, ఫిలిప్ సాన్సొనెట్టి బృందం షిగెల్లా బ్యాక్టీరియా సోకిన మాక్రోఫేజ్‌లు అపాప్టోసిస్‌తో చస్తున్నాయని ప్రకటించింది. డీఎన్ఏ ముక్కలవడమే వాళ్లకు దొరికిన ప్రధాన ఆధారం. అప్పటికి అది సమంజసమైన ముగింపే. అయితే కాస్పేజ్-1 నడిపే చావులోనూ డీఎన్ఏ తెగుతుంది, ఆ తెగుళ్లను పట్టే ట్యూనెల్ పరీక్ష పాజిటివ్ వస్తుంది. అపాప్టోసిస్‌ను గుర్తించడానికి వాడే అనెక్సిన్-వి పరీక్ష కూడా నమ్మదగింది కాదు. అది పట్టుకునే ఫాస్ఫటిడైల్‌సెరీన్ అనే కొవ్వు మామూలుగా పొర లోపలివైపు ఉంటుంది, అపాప్టోసిస్‌లో బయటివైపుకు వస్తుంది. పొరకు చిల్లులు పడితే అనెక్సిన్ లోపలికే పోయి అతుక్కుంటుంది, మీటర్ మీద రెండు రకాల చావులూ ఒకేలా కనిపిస్తాయి. బ్రాడ్ కుక్సన్, మోలీ బ్రెన్నన్ సాల్మొనెల్లాతో చేసిన పనిలో పొర కారిపోవడాన్నీ, అపాప్టోసిస్‌ను నడిపే కాస్పేజ్-3తో పని లేకపోవడాన్నీ చూపించి, 2001లో పైరాప్టోసిస్ అని వేరు చేశారు.

ఆ మరుసటి ఏడు యూర్గ్ చోప్ బృందం కాస్పేజ్-1ను మేల్కొలిపే ప్రోటీన్ల కూటమిని పట్టుకుంది. అదే ఇన్‌ఫ్లమసోమ్. 2006లో అలాంటి కూటమిని కట్టే ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ దేనికి స్పందిస్తుందో చెప్పిన పరిశోధనల్లో ఒకటి, అప్పట్లో మిషిగన్‌లో గాబ్రియెల్ నూన్యెజ్ దగ్గర పనిచేస్తున్న కన్నెగంటిది. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ దాన్ని రేపుతుందని అందులో తేలింది.

ఈ చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది 2011. కాస్పేజ్-1 జన్యువు తీసేసిన ఎలుకలను 1995 నుంచి ప్రపంచమంతా వాడుతోంది. బ్యాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలీసాకరైడ్‌ను ప్రాణాంతకమైన మోతాదులో ఇచ్చినా అవి బతికేవి కాబట్టి, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అతిగా స్పందించడం) చావుకు కాస్పేజ్-1 కారణమని రాసుకున్నారు. జెనెన్‌టెక్ అనే మందుల కంపెనీలో నొబుహికో కయగాకి బృందం తవ్వి చూస్తే, ఆ ఎలుకల్ని తయారుచేసిన మూలకణాలు 129 అనే జాతివి. ఆ జాతిలో కాస్పేజ్-11 పుట్టుకతోనే పాడైపోయి ఉంది. రెండు జన్యువులూ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉండటంతో, ఎన్ని తరాలు మరో జాతితో సంకరం చేసినా విడిపోలేదు. అంటే అన్నేళ్లూ ఒకటి తీసేశామనుకుని రెండు లేని ఎలుకలతో ప్రయోగాలు చేశారన్నమాట. ఆ సెప్సిస్ చావుకు అసలు దోషి కాస్పేజ్-11 అని తేలింది. పాత పేపర్లలో 'కాస్పేజ్-1 లేని ఎలుక' అని కనిపిస్తే, అది ఏ మూలకణాల నుంచి వచ్చిందో మెథడ్స్ విభాగంలో చూసుకున్నాకే ముందుకు పోవాలి.

2014లో ఫెంగ్ షావో బృందం, కాస్పేజ్-11, దాని మానవ రూపాలు 4, 5 లిపోపాలీసాకరైడ్‌ను నేరుగా పట్టుకుంటాయని చూపించింది. 2015లో కయగాకి, షావో బృందాలు విడివిడిగా ఒకే చోటికి చేరాయి: ఈ కాస్పేజ్‌లు కత్తిరించేది గ్యాస్‌డర్మిన్-డి అనే ప్రోటీన్‌ని. తెగిన ముందు ముక్క పొరలోకి దూరి, పదుల సంఖ్యలో ఉంగరంలా పేరుకుని, దాదాపు 20 నానోమీటర్ల రంధ్రం చేస్తుంది. 17 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అందులోంచి జారిపోతుంది. సుమారు 140 కిలోడాల్టన్ల ఎల్‌డీహెచ్ (కణం లోపలి ఎంజైమ్) బయటికి రావాలంటే మాత్రం పొరే చిరగాలి. ఆ చిరుగుడు దానంతటదే జరుగుతుందనుకునేవాళ్లు. 2021లో మళ్లీ కయగాకి బృందమే దానికి నింజ్యూరిన్-1 అనే ప్రోటీన్ కావాలని తేల్చింది. ఎల్‌డీహెచ్ రాలేదు కాబట్టి కణం బతికే ఉందనడం అప్పటినుంచి చెల్లదు.

మూడో దారిని తెరిచింది ఎక్కువగా వైరస్‌లే. కాస్పేజ్‌లను అడ్డుకునే ప్రోటీన్లు పాక్స్ వైరస్‌ల దగ్గర ఉన్నాయి. అపాప్టోసిస్‌ను మొదలుపెట్టే కాస్పేజ్-8 మూతపడగానే ఆర్ఐపీకే3 అనే ఎంజైమ్ లేచి ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్‌తో పొరను చీలుస్తుంది. జున్‌యింగ్ యువాన్ బృందం 2005లో నెక్రాప్టోసిస్ అన్నది దీన్నే. కాస్పేజ్-8 లేని ఎలుక గర్భంలోనే చనిపోతుంది. 2011లో దానితోపాటు ఆర్ఐపీకే3ని కూడా తీసేస్తే అది పుట్టి పెరిగింది. చావును నడిపే ఎంజైమే మరో చావుకు కాపలా కాస్తోందన్నమాట. దాంతో దారుల మధ్య గోడలు పలచబడటం మొదలైంది. కాస్పేజ్-3 గ్యాస్‌డర్మిన్-ఇని కత్తిరించి అపాప్టోసిస్‌ను పైరాప్టోసిస్‌గా మార్చగలదని 2017లో తెలిసింది. యెర్సీనియా బ్యాక్టీరియా తన యోప్‌-జే ప్రోటీన్‌తో కణంలోని టాక్1 ఎంజైమ్‌ను అడ్డుకుంటే కాస్పేజ్-8 గ్యాస్‌డర్మిన్-డిని కత్తిరిస్తుందని 2018లో బయటపడింది. అంతకుముందే, 2016లో, ఫ్లూ సోకిన కణంలో జడ్‌బీపీ1 అనే ఒకే గ్రాహకం ఎన్ఎల్ఆర్‌పీ3నీ, చావు దారులనూ కలిపి కదిలిస్తోందని కన్నెగంటి బృందం చూపించింది. పానాప్టోసిస్ వాదన పుట్టింది ఇక్కడే.

ప్రయోగశాలలో దీన్ని చూసే పద్ధతి పైకి సాదాసీదాగానే ఉంటుంది. ఎలుక తొడ, పిక్క ఎముకల మజ్జను ఎం-సీఎస్ఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్ ఉన్న మాధ్యమంలో దాదాపు వారం పెంచితే మాక్రోఫేజ్‌లు వస్తాయి. పోల్చి చూసేందుకు ఎన్ఎల్ఆర్‌పీ3 తప్పక మేల్కొనే కంట్రోల్ కోసం లిపోపాలీసాకరైడ్‌తో మూడు, నాలుగు గంటలు సిద్ధం చేసి, తర్వాత 5 మిల్లీమోలార్ ఏటీపీ గానీ 10 మైక్రోమోలార్ నైజెరిసిన్ గానీ అరగంట నుంచి గంట ఇస్తారు. ఆపైన వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి గుర్తించే పరీక్ష) కాస్పేజ్-1 ముక్క పీ20, గ్యాస్‌డర్మిన్-డి ముక్క పీ30, తెగిన కాస్పేజ్-3, -8, ఫాస్ఫేట్ చేరిన ఎంఎల్‌కేఎల్ వెతుకుతారు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పొర పగిలిన కణాల ప్రోటీన్ పైద్రవంలోకి పోతుంది. ప్లేటుకు అంటుకున్న కణాలనే తీసి నడిపితే కాస్పేజ్-1 దాదాపు కనపడదు, 'ఇన్‌ఫ్లమసోమ్ లేదు' అని రాసేస్తారు. పైద్రవాన్నీ కణాలనూ కలిపే నడపాలి. ఎల్‌డీహెచ్ కొలిచేటప్పుడు సీరంలో ఉన్న ఎల్‌డీహెచ్‌ను తీసేయకపోతే అంకెలు పైకి పోతాయి. అడ్డుకట్టకు కాస్పేజ్‌లను ఆపే జడ్‌-వాడ్ వాడితే అపాప్టోసిస్ ఆగుతుంది గానీ, అదే మందు కాస్పేజ్-8నీ ఆపి నెక్రాప్టోసిస్‌కు తలుపు తీస్తుంది. చావు తగ్గలేదని కంగారుపడే ముందు ఆర్ఐపీకే3 నిరోధకంతో కలిపి చూడాలి.

విమర్శకుల అసలు బలం కూడా ఈ బ్లాట్‌లోనే ఉంది. లక్షల కణాల ముద్దలో మూడు గుర్తులూ కనిపిస్తే, ఒక్కో కణంలో మూడూ ఉన్నట్టా, మూడు గుంపులు మూడు రకాలుగా చచ్చినట్టా? దీనికి కన్నెగంటి బృందం 2021లో ఇచ్చిన సమాధానం, హెర్పిస్ సింప్లెక్స్-1, ఫ్రాన్సిసెల్లా బ్యాక్టీరియా సోకిన కణాల్లో ఏఐఎం2, పైరిన్, జడ్‌బీపీ1 అనే గ్రాహకాలు ఒకే కూటమిలో చేరడం, కాస్పేజ్-8, ఆర్ఐపీకే3 ఏఎస్‌సీ చుక్క (ఇన్‌ఫ్లమసోమ్ కట్టుకున్నచోట కనిపించే ప్రోటీన్ ముద్ద) దగ్గరే కనిపించడం. నా దృష్టిలో ఇది గట్టి సాక్ష్యమే, కానీ ఒకే చోట ఉండటం వేరు, ఒకే కణంలో మూడూ పనిచేసి చంపడం వేరు. బతికున్న కణాన్ని నిమిషం నిమిషం చూస్తూ మూడు గుర్తులనూ కొలిచే ప్రయోగాలు పెరిగితే తప్ప ఈ ముడి విడదు. పేరు జోలికి పోకుండా ఇదే సంగతిని 2020లో ఆస్ట్రేలియా బృందం మరోలా చెప్పింది: ఒక్కో దారి తీసేస్తే ఎలుకలు సాల్మొనెల్లాను చాలావరకు తట్టుకున్నాయి, కాస్పేజ్-1, -11, -12, -8, ఆర్ఐపీకే3 అన్నీ తీసేస్తే తట్టుకోలేకపోయాయి.

మందుల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా డబ్బు లెక్కలోకి, ప్రాణాల లెక్కలోకి దిగుతుంది. ఒకే దారిని మూసే మందు, మిగతా దారులు తెరిచే ఉంటే పనిచేయదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్లు కలిస్తే చావు రేగుతుందని, రెండింటినీ యాంటీబాడీలతో కలిపి ఆపితే సార్స్-కోవీ-2 సోకిన ఎలుకలు బతుకుతాయని 2021లో తేలింది. అయితే ఇదే చావు, సోకిన కణంలో సూక్ష్మజీవికి ఇల్లు లేకుండా చేస్తుంది కూడా. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనాకినుమాబ్‌ను 10,061 మంది గుండెజబ్బు రోగుల మీద పరీక్షించిన కాంటోస్ ట్రయల్‌లో, 2017లో, గుండెపోట్లు తగ్గాయి, ప్రాణం తీసిన ఇన్‌ఫెక్షన్లు మాత్రం ప్లసీబో తీసుకున్న వాళ్లలో కంటే ఎక్కువ వచ్చాయి.