మెడికల్ రిటైర్మెంట్: మా సెక్షన్‌లో రోజూ వినే అపోహలు

ఒకావిడ నా టేబుల్ మీద సంచీ పెట్టి, "సార్, ఈయన ఇంక పనిచేయలేరు, రిటైర్మెంట్ ఇప్పించండి" అంది. సంచీలో ఎమ్మారై ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీలు, లామినేషన్ చేయించిన సదరం సర్టిఫికెట్ ఉన్నాయి. అన్నిటికీ పైన టైపు చేయించిన వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) లెటర్. భర్తకు కుడి చెయ్యి పడిపోయింది కాబట్టి సంతకం బదులు వేలిముద్ర వేశారు. ఆ లెటర్ ఇన్‌వార్డులో, అంటే వచ్చిన కాగితాలు రాసుకునే రిజిస్టరులో, నంబరు పడకముందే నా కంటబడింది, నయమే. ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి ఇలాంటి సంచీలు చాలా విప్పాను.

అపోహ: వైకల్యం వస్తే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

ఎక్కువమందిని ముంచేది ఇదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 20(4) చదవండి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పోస్టు చేయలేకపోతే అదే పే స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే, ఖాళీ వచ్చేదాకానో, రిటైర్మెంట్ వయసు దాకానో అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచవచ్చు. 1995 చట్టంలోని సెక్షన్ 47 కూడా ఇదే చెప్పేది. ఇన్‌వాలిడ్ పెన్షన్ (ఆరోగ్యం చెడి ఉద్యోగానికి పనికిరారని తేలితే ఇచ్చే పెన్షన్) మంజూరు చేశాం కదా అని ఈ రక్షణను ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2003లో కునాల్ సింగ్ కేసులో చెప్పింది.

కేంద్ర ఉద్యోగి వైకల్యం కారణంగా రిటైర్మెంట్ అడిగితే, "మీరు అదే జీతంతో కొనసాగవచ్చు" అని ఆఫీసే ముందు చెప్పాలి. అయినా వద్దంటేనే ఫైలు కదలాలి. మన ఆఫీసుల్లో ఈ మాట అడగకుండా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే మీరే అడగండి, అదీ రాతపూర్వకంగా.

ఆ సంచీ ఆవిడకు ఇదంతా చెప్తే మొదట నమ్మలేదు. "చెయ్యి లేవని మనిషికి జీతం ఎవరిస్తారు సార్?" అంది. ఆయన డ్రైవరు, బండి తోలలేరు, నిజమే. కానీ తపాలా రిజిస్టరు దగ్గర కూర్చోగలరు కదా? ఆ రోజే వీఆర్ఎస్ లెటర్ వెనక్కిచ్చేసి, పోస్టు మార్చమని అర్జీ రాయించాను.

అపోహ: సదరం సర్టిఫికెట్ ఉంటే చాలు.

అది వైకల్య శాతం చెప్పే కాగితం. అందులో 40 ఉన్నా 80 ఉన్నా ఉద్యోగానికి పనికిరారని అర్థం రాదు. ఇన్‌వాలిడ్ పెన్షన్‌కు మెడికల్ బోర్డు సర్టిఫికెట్ వేరే కావాలి. బోర్డుకు మీరు నేరుగా వెళ్లి లైన్లో నిలబడితే కుదరదు, ఆఫీసు లెటర్ రాసి పంపాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక శాతం కోసం వెతక్కండి, వాక్యం చదవండి. "ఏ రకమైన సర్వీసుకూ పూర్తిగా, శాశ్వతంగా అశక్తుడు" అని ఉంటేనే ఇన్‌వాలిడేషన్, అంటే ఆ పెన్షన్‌తో దిగిపోవడం. "ఇంతకన్నా శ్రమ తక్కువ పని చేయగలడు" అని ఉంటే మీ దారి పోస్టు మార్పు.

అపోహ: వీఆర్ఎస్ అయినా, మెడికల్ ఇన్‌వాలిడేషన్ అయినా ఒకటే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ నడిచేది 1980 పెన్షన్ రూల్సే. అందులో రూల్ 37 ఇన్‌వాలిడ్ పెన్షన్, రూల్ 43 ఇరవై ఏళ్ల సర్వీసు నిండాక తీసుకునే వాలంటరీ, అంటే వీఆర్ఎస్. రెండోదాంట్లో వెళ్తే తర్వాత కారుణ్య నియామకం (ఉద్యోగి బదులు ఇంట్లోవాళ్లలో ఒకరికి ఇచ్చే ఉద్యోగం) మాట ఎత్తడానికి లేదు. ఇక విసుగొచ్చి రాజీనామా రాసిస్తే గత సర్వీసంతా గంగలో కలిసినట్టే. దయచేసి ఆ పదమే రాయొద్దు.

అపోహ: మెడికల్ గ్రౌండ్స్ మీద దిగిపోతే కొడుక్కి ఉద్యోగం గ్యారంటీ.

ఈ ఆశతోనే, ఇంకా పనిచేయగలిగిన మనిషిని కూడా ఇంట్లోవాళ్లు బోర్డుకు తోస్తుంటారు. నాకు నచ్చని పని ఇది. కొడుక్కి ఆ కారుణ్య నియామకం రావాలంటే మన రాష్ట్రాల్లో తండ్రి రిటైర్మెంట్‌కు ఇంకా 5 ఏళ్లు మిగిలి ఉండాలి, జబ్బు తీవ్రమైనదై ఉండాలి, కమిటీ ఒప్పుకోవాలి. కేంద్రంలోనైతే సాధారణంగా 55 ఏళ్లలోపు ఇన్‌వాలిడ్ అయి ఉండాలి. అక్కడ కారుణ్య నియామకాలకు గ్రూప్ సీ డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ ఖాళీల్లో 5 శాతమే ఉంటుంది. అబ్బాయికి ఉద్యోగం రాక, తండ్రి జీతం పోయి, పెన్షన్ మీద ఇల్లు గడుపుతున్న కుటుంబాలను చూశాను.

చిన్నవి రెండు. పదేళ్ల సర్వీసు నిండకపోతే పెన్షనే రాదంటారు. కేంద్ర ఉద్యోగులకు 2019 జనవరి సవరణతో ఇన్‌వాలిడ్ పెన్షన్‌కు ఆ అడ్డు పోయింది. ఇన్‌వాలిడ్ పెన్షన్‌కు ఇన్‌కమ్ టాక్స్ లేదని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది సైనికుల డిజెబిలిటీ పెన్షన్ గురించిన మాట. సివిల్ ఉద్యోగికి మామూలు పెన్షన్ లాగే లెక్క.

అపోహ: బోర్డుకు లెటర్ వెళ్లింది కదా, ఇక లీవు అక్కర్లేదు.

బోర్డు పిలుపు రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలలకు మెడికల్ సర్టిఫికెట్‌తో లీవు అప్లై చేస్తూనే ఉండాలి. అర్జీ లేకుండా ఇంట్లో ఉండిపోతే గైర్హాజరు కింద రాస్తారు, జీతం ఆగుతుంది, పెన్షన్ లెక్కలో ఆ రోజులు కొర్రీ అవుతాయి. మనిషి కదల్లేకపోతే ఇంట్లోవాళ్లు తెచ్చి ఇచ్చినా చాలు, పోస్టులో పంపినా చాలు. రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని, ఆ ఎమ్మారై ఫిల్ముల సంచీలోనే పెట్టుకోండి.